సర్ట్ త్రీనా, డిప్లొమానా? మెల్‌బోర్న్‌లో చైల్డ్‌కేర్ చదువు గురించి కొన్ని సందేహాలు

లెక్కల_టీచర్ (తార్నీట్, మెల్‌బోర్న్)
9 ఫిబ్రవరి 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి వెళ్లిపోయేదాన్ని, మొదటిసారి రాస్తున్నా. గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఆరేళ్లు లెక్కలు చెప్పాను. ఎమ్మెస్సీ, బీఎడ్. పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చి ఏడాది దాటింది. మా పాప ఈ మధ్యే ప్రెప్‌లో (ఒకటో తరగతికి ముందు ఏడాది) చేరింది. పొద్దున తొమ్మిదికి దాన్ని దింపి ఇంటికొస్తే గోడలు చూస్తూ కూర్చోవడమే.

చైల్డ్‌కేర్‌లో చేరదామని ఉంది. సర్ట్ త్రీ (మూడో స్థాయి సర్టిఫికెట్ కోర్సు) చెయ్యాలా, నేరుగా డిప్లొమా చెయ్యొచ్చా? నా బీఎడ్ ఏమైనా పనికొస్తుందా? ఒక కాలేజీకి ఫోన్ చేస్తే "ఆరు వారాల్లో సర్టిఫికెట్ చేతికొస్తుంది, ప్లేస్‌మెంట్ సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. ప్లేస్‌మెంట్ అంటే ఉద్యోగం కాదు, సెంటర్లో చేసే ప్రాక్టికల్స్. నిజంగా అంత తొందరగా అవుతుందా?

ఇంకొకటి. ఇంట్లో పెద్దవాళ్లు "ఇంత చదివి ఆయా పనికి పోతావా" అంటున్నారు. ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నా.

అమ్మలక్క (వెరిబీ, మెల్‌బోర్న్)
9 ఫిబ్రవరి 2025, రాత్రి 11:25

రామ్మా రా. నేను ఏడేళ్లుగా ఇదే పనిలో ఉన్నా, ఇప్పుడు టాడ్లర్ (నడక నేర్చిన చిన్నపిల్లల) గదికి రూమ్ లీడర్‌ని.

నేరుగా డిప్లొమా కుదరదు. ఇప్పుడున్న డిప్లొమాలో చేరాలంటే ముందు సర్ట్ త్రీ పూర్తయి ఉండాలి. సర్ట్ త్రీలో 17 యూనిట్లు, కనీసం 160 గంటల ప్లేస్‌మెంట్. డిప్లొమాలో 15 యూనిట్లే గానీ ప్లేస్‌మెంట్ 280 గంటలు. ఈ గంటలు అనుమతి ఉన్న సెంటర్లో, నిజమైన పిల్లలతో గడపాలి. అందుకే ఆరు వారాల మాట నాకు నచ్చలేదు. వారానికి ఐదు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు వెళ్లినా ప్లేస్‌మెంటుకే నాలుగు వారాలు పోతుంది. మిగిలిన రెండు వారాల్లో 17 యూనిట్లు ఎవరు చదువుతారు, ఎవరు దిద్దుతారు?

పీఆర్ ఉందిగా, ఫ్రీ టేఫ్ చూడు. టేఫ్ అంటే ప్రభుత్వ వృత్తి శిక్షణ కాలేజీ. విక్టోరియాలో సర్ట్ త్రీ, డిప్లొమా రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ట్యూషన్ ఫీజు ఉండదు. పుస్తకాలు, యూనిఫాం లాంటి చిన్న ఖర్చులు ఉండొచ్చు.

బెజవాడ_బుజ్జి (మెల్‌బోర్న్)
10 ఫిబ్రవరి 2025, ఉదయం 7:05

ఆ ఆరు వారాల గోతిలో పడ్డ మనిషిని నేనే. సిగ్గు విడిచి రాస్తున్నా.

మూడేళ్ల క్రితం ఒక కాలేజీలో డబ్బు కట్టాను. పేరు వద్దు. అసైన్‌మెంట్ల జవాబులు వాళ్లే పంపారు, కాపీ చేసి ఇవ్వమన్నారు. ప్లేస్‌మెంట్ లాగ్‌బుక్‌లో సంతకాలు ఎక్కడినుంచి వచ్చాయో ఈనాటికీ తెలియదు, నేను మాత్రం ఏ సెంటర్ గడపా తొక్కలేదు. సర్టిఫికెట్ వచ్చింది, స్వీట్లు కూడా పంచాం.

ఉద్యోగంలో మొదటి రోజు బేబీస్ గదిలో వేశారు. న్యాపీ (డైపర్) మార్చమన్నారు. మా బాబుకు రెండేళ్లు మార్చినదాన్నే, ఇందులో ఏముందనుకున్నా. గ్లవ్స్ ఎప్పుడు వేసుకోవాలి, ఎప్పుడు తియ్యాలి, బిడ్డ చేతులు కూడా కడగాలని, మ్యాట్ తుడిచాకే చార్టులో టైమ్ రాయాలని నాకేం తెలుసు? పక్కనున్న అమ్మాయి నా మొహం చూసి "నువ్వు ప్లేస్‌మెంట్ ఎక్కడ చేశావ్" అంది. నోట మాట రాలేదు. పన్నెండో రోజు నేనే మానేశా.

గత ఏడాది చివర్లో శిక్షణ సంస్థల మీద ఉండే నియంత్రణ సంస్థ, ఏఎస్‌క్యూఏ, కొన్ని కాలేజీలిచ్చిన వేల సర్టిఫికెట్లు రద్దు చేసింది. వాటిలో చైల్డ్‌కేర్‌వి కూడా ఉన్నాయి. ఆ వార్త చూసి నాకు రెండు రాత్రులు నిద్రలేదు. నా కాలేజీ ఆ జాబితాలో లేదు, అయినా ఆ కాగితం బయటికి తియ్యలేదు. ఇప్పుడు మళ్లీ మొదటినుంచి సర్ట్ త్రీ చేస్తున్నా, టేఫ్‌లో.

గోదారి_గట్టు (పాయింట్ కుక్)
10 ఫిబ్రవరి 2025, ఉదయం 9:30

ఎవరూ ఏమీ అనుకోవద్దు. పిల్లల్ని చూసుకోవడానికి 17 యూనిట్లు, థియరీలు అవసరమా అండీ? మా అమ్మమ్మ తొమ్మిదిమందిని పెంచింది. ఏ సర్టిఫికెట్టూ లేదు. ఇది ఫీజుల కోసం పెట్టిన తతంగంలా అనిపిస్తుంది నాకు. మా ఆవిడ కూడా చేద్దామంటోంది, అందుకే అడుగుతున్నా.

పాలమూరు_పిల్ల (బ్రిస్బేన్)
10 ఫిబ్రవరి 2025, ఉదయం 10:15

అన్నా, మీ అమ్మమ్మ తొమ్మిదిమందిని ఒకేసారి రెండేళ్ల వయసులో పెట్టుకుని పెంచలేదు కదా 🙂 పైగా వాళ్లు ఆమె పిల్లలు. ఇక్కడ ఒకరికి గుడ్డు పడదు, ఒకరికి ఆస్తమా పంపు, ఒకరికి ఇంగ్లిషు రాదు, ఒకరి అమ్మానాన్నల మధ్య కోర్టు ఆర్డర్ ఉంటది. సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డ మనిషికి బిడ్డను ఇయ్యాల్నా వద్దా అన్నది కూడా చదువే.

ఇంకో మాట. నేను మొదట్ల ఒక బాబును పండబెట్టి, మన ఇంట్ల లెక్కనే పల్చటి దుప్పటి తల మీదికి కప్పిన, వెలుతురు పడొద్దని. మా లీడర్ ఉరికొచ్చి తీసేసింది. వెల్లకిలా పడుకోబెట్టాలె, ముఖం మీద ఏదీ ఉండొద్దు, దిండు ఉండొద్దు, పాదాలు కాట్ కింది అంచుకు తగలాలె. మా సెంటర్‌ల పది నిమిషాలకోసారి వంగి ఊపిరి చూసి రాయాలె. ప్రేమతోనే కప్పిన నేను. ప్రేమ ఒక్కటుంటే సరిపోదని ఆ రోజు తెలిసింది.

గోదారి_గట్టు
10 ఫిబ్రవరి 2025, ఉదయం 10:50

సరే సరే, ఆ దుప్పటి సంగతి విన్నాక కొంచెం వెనక్కి తగ్గుతున్నా. మా ఇంట్లోనూ అలాగే కప్పేవాళ్లం.

సిడ్నీ_చిలక (పారమట్టా)
10 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 1:20

బీఎడ్ గురించి అడిగారు కదా, ఆ సంగతి నేను చెప్తా. నేను ఎర్లీ చైల్డ్‌హుడ్ టీచర్‌ని, అంటే డిగ్రీ స్థాయి.

ఇక్కడ మెట్లు మూడు: సర్ట్ త్రీ, డిప్లొమా, ఆపైన టీచర్ డిగ్రీ. ఏ సెంటర్లోనైనా రేషియోలో (ఎంతమంది పిల్లలకు ఎంతమంది సిబ్బంది అన్న లెక్క) లెక్కకొచ్చే ఎజుకేటర్లలో, అంటే పిల్లల్ని చూసుకునే సిబ్బందిలో, కనీసం సగం మంది డిప్లొమా చేసినవాళ్లో చేస్తున్నవాళ్లో ఉండాలి. మిగిలినవాళ్లకు సర్ట్ త్రీ ఉండాలి, లేదా చదువుతూ ఉండాలి. 2012 నుంచి దేశమంతా అమల్లో ఉన్న జాతీయ నాణ్యతా చట్రంలోని నియమం ఇది.

విదేశీ డిగ్రీలను అంచనా వేసేది అసెక్వా అనే సంస్థ. వాళ్లు చూసేది మీరు ఎంత పెద్ద చదువు చదివారని కాదు. ఐదేళ్లలోపు పిల్లల గురించి ఆ చదువులో పాఠాలున్నాయా, ఆ వయసు పిల్లలతో ప్రాక్టికల్స్ చేశారా అని. హైస్కూల్ లెక్కల బీఎడ్‌లో అవి ఉండవు. నాకూ బీఎడ్ ఉండేది, బయాలజీ. అప్లికేషన్ ఫీజు పోగా మిగిలింది జ్ఞానం ఒక్కటే. చివరికి ఇక్కడ గ్రాడ్యుయేట్ డిప్లొమా చేశాను.

కానీ తొందరపడి దానికి పోకండి. ముందు సర్ట్ త్రీ చెయ్యండి. ఆ పిల్లల మధ్య నాలుగు నెలలు ఉంటే గానీ ఈ పని మీకు పడుతుందో లేదో తెలియదు. నా బ్యాచ్‌లో డిగ్రీ చివరి ఏడాదిలో బేబీస్ ప్లేస్‌మెంట్‌కు వెళ్లి ఏడుస్తూ మానేసినవాళ్లు ఇద్దరున్నారు.

ఒంగోలు_నుంచి (ఒంగోలు)
10 ఫిబ్రవరి 2025, రాత్రి 8:45

నేను ఆస్ట్రేలియాలో లేను, మా చెల్లి కోసం ఈ వేదిక చదువుతుంటా. "ఆయా పని" అన్న మాట చూసి ఉండలేక రాస్తున్నా.

మా అమ్మ ఇరవై ఎనిమిదేళ్లు అంగన్‌వాడీ టీచరు. గుడ్లు పంచడం, తూకాలు రాయడం, పోలియో చుక్కల రోజు ఇల్లిల్లూ తిరగడం, రిజిస్టర్లు. వీటి మధ్యలో చింతగింజలు లెక్కపెట్టించడం, ఆకులతో ఆకారాలు చేయించడం, కథలు చెప్పడం కూడా చేసేది. ఊళ్లో జనం మాత్రం "ఉప్మా పెట్టే టీచరమ్మ" అనేవాళ్లు. 1975లో ఐసీడీఎస్ (అంగన్‌వాడీల పథకం) మొదలైనప్పటినుంచీ ఇదే వరస. 2020 జాతీయ విద్యా విధానం మాత్రం కాస్త పట్టించుకుంది. ఇంటర్, ఆపైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా ఇవ్వాలని రాశారు. అప్పటికి మా అమ్మ రిటైర్ అయిపోయింది.

చెల్లీ, మీ పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకండి. వాళ్లు చూసిన లోకంలో ఈ పని చేసినవాళ్లకు మర్యాద దక్కలేదు. భయంతో అంటున్న మాట అది.

వేదిక_నిర్వాహకులు
11 ఫిబ్రవరి 2025, ఉదయం 6:30

ఈ చర్చలో ఒక ఏజెంట్ పెట్టిన "నో ప్లేస్‌మెంట్, గ్యారంటీ పాస్" ప్రకటన తీసేశాం. మళ్లీ పెడితే ఖాతా తీసేస్తాం.

అమ్మలక్క
11 ఫిబ్రవరి 2025, ఉదయం 6:55

చూశారా, పేరు తలవగానే వచ్చేశారు.

లెక్కల_టీచర్
11 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 12:10

అందరికీ చాలా థ్యాంక్స్. బుజ్జిగారూ, మీరు అంత ధైర్యంగా రాయకపోతే ఈ పాటికి డబ్బు కట్టేసేదాన్ని. ఆ కాలేజీ నంబరు బ్లాక్ చేశా. టేఫ్‌కు అప్లై చేశాను. ముందుగా చూసుకోవాల్సిన కాగితాలేంటో చెప్తారా?

బెజవాడ_బుజ్జి
11 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం 2:40

వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేసేవాళ్ల నేపథ్య తనిఖీ) ఈ రోజే పెట్టేయండి. ప్లేస్‌మెంట్‌కు వలంటీర్ చెక్ చాలు, విక్టోరియాలో అది ఉచితం. కానీ దాంతో జీతం తీసుకునే ఉద్యోగం చెయ్యకూడదు, చేరే ముందు ఎంప్లాయీ చెక్‌కు మార్చుకోవాలి. ఫస్ట్ ఎయిడ్‌లో పిల్లల సెంటర్లకు వేరే కోర్సుంది, మామూలు ఆఫీసు ఫస్ట్ ఎయిడ్ చెల్లదు. సీపీఆర్ ఏటా మళ్లీ చెయ్యాలి. టీకాల కాగితం ఇండియానుంచి తెప్పించుకోండి. నాకు చికెన్‌పాక్స్ చిన్నప్పుడు వచ్చిందో లేదో అమ్మకే గుర్తులేదు, రక్తపరీక్ష చేయించుకోవాల్సి వచ్చింది. ఇంకో బిడ్డను అనుకుంటున్నవాళ్లు ఈ పనిలో చేరేముందు జీపీతో (ఫ్యామిలీ డాక్టర్) సీఎంవీ అనే వైరస్, చికెన్‌పాక్స్ గురించి తప్పక మాట్లాడండి.

పాలమూరు_పిల్ల
11 ఫిబ్రవరి 2025, సాయంత్రం 5:30

మా క్వీన్స్‌లాండ్‌ల దాన్ని బ్లూ కార్డ్ అంటరు. కార్డు చేతికి రాకుంటే ఒక్క గంట కూడా మొదలుపెట్టనియ్యరు. రాష్ట్రం మారితే మళ్లీ కొత్తది తీసుకోవాలె.

మాటలు కూడా నేర్చుకో చెల్లె. "డమ్మీ" అంటే బొమ్మ కాదు, తేనెపీక. "మార్నింగ్ టీ" అంటే చాయ్ కాదు, పొద్దుగాల పిల్లలకు పెట్టే పండ్లు. మొదటి రోజు నేను టీ ఎక్కడుందని అడిగిన, అందరు నవ్విన్రు. మొదటి ఏడాది జలుబు, దగ్గు, కడుపుల తిప్పుడు అన్నీ వస్తయి. సెలవులు దాచిపెట్టుకో.

గోదారి_గట్టు
11 ఫిబ్రవరి 2025, రాత్రి 9:00

జీతం సంగతి ఎవరూ రాయలేదు.

అమ్మలక్క
11 ఫిబ్రవరి 2025, రాత్రి 9:40

రాయడానికి గొప్పగా ఏముందని తమ్ముడూ. ఈ దేశంలో ఇంత బాధ్యత మీద ఇంత తక్కువ జీతం ఉన్న పనులు కొన్నే. కొంచెం మారింది. ప్రభుత్వ గ్రాంటుతో పోయిన డిసెంబరు నుంచి 10 శాతం కలిసింది, ఈ డిసెంబరులో ఇంకో 5 కలుస్తుంది. అయితే ఫీజులు ఎక్కువ పెంచమని ఒప్పుకుని ఆ పథకంలో చేరిన సెంటర్లకే అది. ఇంటర్వ్యూలో "మీరు చేరారా" అని మొహమాటం లేకుండా అడగాలి.

నా నడుం సంగతీ చెప్పాలిగా. మూడేళ్లపాటు పిల్లల్ని వంగి ఎత్తుకున్నా, ఇప్పుడు ఫిజియోకు పోతున్నా. మోకాళ్ల మీద కూర్చుని ఎత్తాలని కోర్సులో చెప్పారు. వినలేదు.

లెక్కల_టీచర్
18 మే 2025, రాత్రి 9:15

మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చా. క్లాసులు బాగున్నాయి. ప్లేస్‌మెంట్ మొదలై రెండు వారాలైంది, 160లో 52 గంటలయ్యాయి. ఫోన్ లాకర్లో పెట్టి లోపలికి వెళ్లాలి, గదిలోకి తేకూడదు. మొదటి రెండు రోజులూ జేబు తడుముకున్నా.

అబ్జర్వేషన్ (ఒక బిడ్డను గమనించి రాసే నోట్సు) రాయమన్నారు. ఇలా రాశా: "బాబు ఈ రోజు చాలా సంతోషంగా ఆడుకున్నాడు. చాలా తెలివైనవాడు. చక్కగా సహకరించాడు." అసెసర్ మొత్తం కొట్టేసి "నువ్వు ఏం చూశావు?" అని ఒక్క ముక్క రాసి ఇచ్చింది. ఆరేళ్లు ప్రోగ్రెస్ కార్డులు రాసినదాన్ని. బాధేసింది. ఎలా రాయాలో ఎవరైనా చెప్తారా?

సిడ్నీ_చిలక
18 మే 2025, రాత్రి 10:30

ఆమె మీకు మంచే చేసింది. మీరు రాసినవి మూడూ తీర్పులు. "తెలివైనవాడు" అనేది మీ మనసులో ఉంది, బాబు చేతుల్లో ఏముంది? ఇలా రాసి చూడండి:

"ఎ. (2 ఏళ్ల 3 నెలలు) నాలుగు కప్పులు తీసుకున్నాడు. పెద్దది కింద పెట్టి దానిమీద రెండు పేర్చాడు. నాలుగోది జారిపడింది. దాన్ని తిప్పి, బోర్లించి మళ్లీ పెట్టాడు. నిలబడింది. నావైపు చూసి 'అప్' అన్నాడు."

తెలివి అన్న మాటే లేదు. కానీ చదివినవాళ్లకు కనిపిస్తుంది. ఇది రాశాకే విశ్లేషణకు పోవాలి. తప్పు జరిగితే పద్ధతి మార్చి చూశాడు, అంటే ఇక్కడి పాఠ్య చట్రంలో ఉన్న ఐదు ఫలితాల్లో నాలుగోది, ఆత్మవిశ్వాసంతో పాలుపంచుకునే అభ్యాసకుడు. "అప్" అని మీతో పంచుకున్నాడు, అది ఐదోది, భావ వ్యక్తీకరణ. ఆ తర్వాత రేపు అతని ముందు ఏం పెడతారో రాయాలి: వేరువేరు మూతలున్న డబ్బాలు పెడితే ఏం చేస్తాడో?

2009లో వచ్చిన ఆ చట్రాన్ని 2022లో సవరించారు. కొత్త ప్రతి చదవండి. పాత నోట్సు ఇంకా కొన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది.

అమ్మలక్క
19 మే 2025, ఉదయం 6:20

చిలక బాగా చెప్పింది. నాది ఇంకో చిట్కా: జేబులో చిన్న కాగితం ముక్క, పెన్సిల్. టైమ్, క్రియలు మాత్రమే రాసుకో. తీశాడు, తిప్పాడు, చూశాడు, అన్నాడు. విశేషణాలు సాయంత్రానికి వాటంతటవే ఎగిరిపోతాయి. పిల్లల పేర్లు ఆ కాగితంలో పెట్టకు. సాయంత్రం దాన్ని చించెయ్యడం మర్చిపోకు.

పాలమూరు_పిల్ల
19 మే 2025, ఉదయం 11:00

తిండి దగ్గర ఎట్లుంది చెల్లె? నాకు అదే కష్టమైంది. మనకు గోరుముద్దలు తినిపిస్తేనే తిన్నట్టు.

లెక్కల_టీచర్
19 మే 2025, రాత్రి 8:50

అక్కా, సరిగ్గా అదే! మొదటి వారం ఒక పాప పాస్తాను చేత్తో నలుపుతూ కూర్చుంది. నాకు ఆగలేదు, చెంచా తీసి తినిపించేశా. రెండు నిమిషాల్లో ప్లేటు ఖాళీ. గొప్పగా లీడర్ వైపు చూశా. ఆమె మెల్లగా, "ఆ చెంచా పట్టుకోవడం కోసం తను మూడు వారాలనుంచి ప్రయత్నిస్తోంది" అంది. ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే, లెక్కల క్లాసులో కూడా నేను అదే చేసేదాన్ని. పిల్లవాడు మూడో స్టెప్పు దగ్గర తడబడగానే చాక్‌పీసు లాక్కుని నేనే చేసేసేదాన్ని. సిలబస్ అవ్వాలిగా మరి.

గోదారి_గట్టు
19 మే 2025, రాత్రి 9:35

ఇది చదివి మా ఆవిడకు చూపించా. "మీరు మన బుడ్డోడి షూ లేసులు కడుతూనే ఉన్నారుగా, ముందు అది మానండి" అంది. ఆమె జూలైలో చేరుతోంది. నేను ఇంక ఏమీ మాట్లాడను.

బెజవాడ_బుజ్జి
8 జూన్ 2025, సాయంత్రం 4:15

నాది పూర్తయింది. ఈసారి 160 గంటలూ నేనే చేశా, ప్రతి సంతకం పెట్టిన మనిషి మొహం నాకు గుర్తుంది. నా సూపర్‌వైజర్ దగ్గర దాచకుండా పాత సర్టిఫికెట్ గురించి చెప్పేశా. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సోమవారం నుంచి కాజువల్‌గా వస్తావా?" అంది, అంటే అవసరమైన రోజుల్లో పిలిచే ఉద్యోగం.

లెక్కల టీచర్‌గారూ, మీ గంటలు ఎంతవరకు వచ్చాయి?

లెక్కల_టీచర్
8 జూన్ 2025, రాత్రి 10:05

బుజ్జిగారూ, చాలా చాలా సంతోషం! నాది 118. బేబీస్ గది ఇంకా మిగిలింది, దాని గురించే టెన్షన్. ఇక్కడ రెండేళ్లలోపు వాళ్లు నలుగురికి ఒక ఎజుకేటర్ ఉండాలి. స్టూడెంట్‌ని కాబట్టి నన్ను ఆ లెక్కలో వేసుకోరు, అదొక్కటే ధైర్యం.

పాస్తా పాప శుక్రవారం చెంచా బోర్లా పట్టుకుని నాలుగు ముద్దలు తింది, ఐదోది నా చొక్కా మీద పడింది. అదీ రాశా. అసెసర్ ఏమీ కొట్టెయ్యలేదు.

మా అత్తయ్యగారు నిన్న ఫోన్లో "ఆ చెంచా పిల్ల ఎలా ఉంది" అని అడిగారు.

సరే గానీ, తార్నీట్, హాపర్స్ వైపు ఎవరి దగ్గరైనా చంటిబిడ్డ సైజు బొమ్మ ఉందా? న్యాపీ మార్చే స్టెప్పులు ఇంట్లో నాలుగుసార్లు చేసి చూసుకోవాలి. ఆదివారం వచ్చి తీసుకుంటా, వారంలో తిరిగి ఇచ్చేస్తా.

అమ్మలక్క
8 జూన్ 2025, రాత్రి 10:20

నా దగ్గరుంది. ఒక కాలు ఊడింది, పర్లేదా?